బీఆర్‌ఎస్‌ఆర్ డిజిటల్ ట్యాగింగ్: నెల్లూరు, ఒంగోలు వైపు యూనిట్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక లెక్కలను (ఈ నివేదికనే బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్, పొట్టిగా బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు) కంప్యూటర్ చదవగలిగే రూపంలో దాఖలు చేసే పని మన జిల్లాల్లోకీ వచ్చేసింది. నెల్లూరు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో, పొగాకు కొనే కంపెనీల ఆఫీసుల్లో అకౌంట్స్ చూసేవాళ్లు, కొత్తగా ఈ పనిలోకి దిగిన కామర్స్ పిల్లలు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు 2025 మార్చి సర్క్యులర్ వరకు ఉన్నవి చూసి రాసినవి. దాఖలు చేసే ముందు ఆ ఏడాది యుటిలిటీని (లెక్కలు నింపే ఎక్సెల్ ఫైలును) స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్ నుంచి కొత్తగా దించుకోండి. పోయినేడాది ఫైలు మీద పని చేయొద్దు.

ట్యాగింగ్ అంటే చేసే పని ఏమిటి?

చీమకుర్తిలో లారీ కాటా ఎక్కి దిగితే చేతికొచ్చే చీటీ చూడండి. దాని మీద బరువు ఒక్కటే ఉండదు. లారీ నంబరు, తేదీ, టైము, ఖాళీ బండి ఎంత, లోడుతో ఎంత, అన్నీ ఉంటాయి. అందుకే ఆ చీటీ ఎవరి చేతికిచ్చినా మళ్లీ మనల్ని అడగాల్సిన పని ఉండదు. ట్యాగింగ్‌లో ప్రతి అంకెకూ అలాంటి వివరాలే జత చేస్తాం. ఇది దేని లెక్క, ఏ కంపెనీది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కొలతలో, ఎంత కచ్చితంగా. ఈ ఐదూ ఉంటేనే అది ట్యాగ్ అయిన అంకె.

దీనికి వాడే భాష ఎక్స్‌బీఆర్‌ఎల్. 1998లో అమెరికాలో చార్లెస్ హాఫ్‌మన్ అనే అకౌంటెంట్ ఆలోచనతో మొదలై, ఇప్పుడు చాలా దేశాల్లో బ్యాలెన్స్ షీట్లు దీంట్లోనే దాఖలవుతున్నాయి. ఏ అంకెను ఏ పేరుతో పిలవాలో ముందే తయారుచేసి పెట్టిన జాబితాను టాక్సానమీ అంటారు. మనం కొత్త పేర్లు పెట్టం, జాబితాలో ఉన్న పేర్లకు మన అంకెలను సరిగ్గా అతికిస్తాం. పని చిన్నదిగానే కనిపిస్తుంది. కష్టమంతా ఆ 'సరిగ్గా' దగ్గరే ఉంది.

ఇది ఎవరికి తప్పనిసరి?

మార్కెట్ విలువ ప్రకారం దేశంలో మొదటి 1,000 లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీలకు. సెబీ 2021 మేలో బీఆర్‌ఎస్‌ఆర్ నమూనా తెచ్చింది. 2021-22లో ఇష్టమున్నవాళ్లు ఇచ్చారు, 2022-23 నుంచి తప్పనిసరి అయింది. వార్షిక నివేదికలో పీడీఎఫ్ రూపంలో పెట్టడంతోపాటు ఎక్స్ఛేంజీకి ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలు కూడా ఇవ్వాలి. నమూనాలో మూడు భాగాలు ఉంటాయి. కంపెనీ వివరాలు 'ఎ' భాగం, విధానాలు 'బి' భాగం, తొమ్మిది సూత్రాల వారీగా పనితీరు 'సి' భాగం. ఈ సూత్రాలు 2019లో కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల నుంచి వచ్చాయి. సి భాగంలో 'ఎసెన్షియల్' ప్రశ్నలకు జవాబు తప్పనిసరి, 'లీడర్‌షిప్' ప్రశ్నలు ఐచ్ఛికం.

మాది లిస్టెడ్ కంపెనీ కాదు. నెల్లూరులో రొయ్యలు ఫ్రీజ్ చేసి పంపుతాం. మరి కొనేవాళ్లు ఈ షీట్లు ఎందుకు పంపుతున్నారు?

మీ సరుకు కొనే కంపెనీ ఆ జాబితాలో ఉండి ఉండొచ్చు, లేదా అలాంటి కంపెనీకి సప్లై చేసేదై ఉండొచ్చు. 2023 జూలైలో సెబీ 'బీఆర్‌ఎస్‌ఆర్ కోర్' అని తొమ్మిది అంశాలను విడదీసింది. కర్బన ఉద్గారాలు, నీరు, ఇంధనం, వ్యర్థాలు, ఉద్యోగుల సంక్షేమంతోపాటు భద్రత, స్త్రీల భాగస్వామ్యం, చిన్న ఊళ్లలో ఉపాధి, కొనేవాళ్లతో అమ్మేవాళ్లతో న్యాయంగా నడుచుకోవడం, వ్యాపారంలో పారదర్శకత, ఇవన్నీ అందులోకి వస్తాయి. మొదటి 250 కంపెనీలు తమకు సప్లై చేసేవాళ్ల లెక్కలు కూడా చూపాలన్నది అసలు ఆలోచన.

ఆ తర్వాత సెబీ దీన్ని సడలించింది. 2025 మార్చి సర్క్యులర్ ప్రకారం సప్లయర్ల వివరాలు 2025-26 నుంచి స్వచ్ఛందం. విలువ ప్రకారం ఆ కంపెనీ కొనుగోళ్లలో గానీ అమ్మకాల్లో గానీ 2 శాతం, అంతకుమించి వాటా ఉన్నవాళ్లే లెక్కలోకి వస్తారు. అదీ మొత్తం కొనుగోళ్లలో, అమ్మకాల్లో 75 శాతం వరకు చూపితే చాలు. కాబట్టి చట్టం మీ తలుపు తట్టడం లేదు, కొనేవాడు తడుతున్నాడు. ఆర్డరు నిలబెట్టుకోవాలంటే రెండింటికీ పెద్ద తేడా ఉండదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

సప్లయరుగా మీరు ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలు చేయనవసరం లేదు. మీరిచ్చిన అంకె వాళ్ల లెక్కలో కలుస్తుంది. అందుకే అంకెతోపాటు కొలత, కాలం, ఏ యూనిట్‌దో రాసివ్వండి. ఉత్త అంకె మెయిల్‌లో పెట్టి పంపితే వాళ్లకు తోచిన కొలత వాళ్లే వేసుకుంటారు.

మేం ఎంసీఏకి (కార్పొరేట్ వ్యవహారాల శాఖకు) ఏటా ఎక్స్‌బీఆర్‌ఎల్ వేస్తూనే ఉన్నాం. అదే అనుభవం సరిపోదా?

సగం సరిపోతుంది. పెయిడప్ క్యాపిటల్ 5 కోట్లు, లేదా టర్నోవర్ 100 కోట్లు దాటిన కంపెనీలు 2011 నుంచి ఆర్థిక లెక్కలను ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో వేస్తున్నాయి కాబట్టి మన దగ్గర పెద్ద ఎగుమతిదారుల ఆఫీసులకు ఈ పేరు కొత్త కాదు. కానీ ఆర్థిక లెక్కలు ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి. ప్రతి ఎంట్రీకీ ఓచరు ఉంటుంది, అన్నీ రూపాయల్లోనే ఉంటాయి, ఏడాది చివర ఆడిటర్ చూస్తాడు.

ఇక్కడ అంకెలు పది చోట్ల నుంచి రావాలి. జనరేటర్ గది లాగ్ బుక్, రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్ మస్టరు, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన రిటర్ను, లేబర్ కాంట్రాక్టర్ దగ్గరున్న పుస్తకం. లీటర్లు, కిలోలీటర్లు, టన్నులు, గిగాజౌళ్లు, పని గంటలు, ఇలా కొలతలూ వేరు. ఆర్థిక లెక్కల్లో చేయి తిరిగినవాళ్లు ఇక్కడ తడబడేది ట్యాగుల దగ్గర కాదు, అంకె పుట్టిన చోట.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా?

దాఖలు వరకైతే అక్కర్లేదు. ఎక్స్ఛేంజీలు ఎక్సెల్ యుటిలిటీని ఉచితంగా ఇస్తాయి. గడులు నింపాలి, వ్యాలిడేట్ నొక్కాలి, తప్పులు సరిచేయాలి, ఫైలు తయారుచేసి అప్‌లోడ్ చేయాలి. ట్యాగులు గడుల వెనకే కూర్చుని ఉంటాయి. ఫ్యాక్టరీలు పది ఊళ్లలో ఉన్న కంపెనీకి డేటా సేకరించే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. ఒకటి రెండు యూనిట్లున్నవాళ్లు ఆ డబ్బుతో బోరుకు నీటి మీటరు, జనరేటరుకు డీజిల్ మీటరు పెట్టించుకుంటే ఎక్కువ లాభం అని నా అభిప్రాయం.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది మే నెలలో యుటిలిటీ తెరిచి, పై గడి నుంచి కిందికి నింపుకుంటూ పోతారు. జూన్ చివరికల్లా టెన్షన్ మొదలవుతుంది. యుటిలిటీ ఆఖరి మెట్టు. మొదట ఒక పుస్తకం కావాలి. ఎక్సెల్ షీటయినా ఫర్వాలేదు. యుటిలిటీలో ఉన్న ప్రతి అంకె గడికీ అందులో ఒక వరస ఉండాలి. ఆ వరసలో ఈ అంకె ఏ కాగితం నుంచి వస్తుంది, ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ కొలతలో ఉంటుంది, మనకు కావలసిన కొలతలోకి ఎలా మారుస్తాం, ఎవరు సరిచూశారు అన్నవి రాయాలి.

ఉదాహరణకు డీజిల్ తీసుకోండి. బంకు బిల్లులు అకౌంట్స్‌లో ఉంటాయి, రూపాయల్లో. లీటర్లు బిల్లు మీద ఉంటాయి గానీ ట్యాలీలో ఎక్కించరు. అదే డీజిల్లో కొంత జనరేటరుకు పోతుంది, కొంత ఇన్సులేటెడ్ వ్యాన్లకు, కొంత ఎండీ గారి కారుకు. కంపెనీ సొంత వ్యాను అయితే ఆ పొగ మన స్కోప్ 1 లెక్కలోకి, అంటే మనమే కాల్చిన ఇంధనం లెక్కలోకి వస్తుంది. కిరాయి లారీ వాడు సొంతంగా పోయించుకున్నది స్కోప్ 3లోకి, అంటే మన పని కోసం బయటివాళ్ల దగ్గర వచ్చిన పొగలోకి పోతుంది. ఈ విడదీత స్టోర్ కీపరు చేతిలో ఉంది, హైదరాబాద్ నుంచి వచ్చే కన్సల్టెంటు చేతిలో లేదు. అందుకని స్టోర్ కీపరును మొదటి రోజే కూర్చోబెట్టుకుని, ఇండెంట్ పుస్తకంలో 'ఏ బండికి' అన్న గడి ఒకటి పెంచమని చెప్పండి. ఏప్రిల్ 1న పెంచిన ఆ ఒక్క గడి వచ్చే మే నెలలో వారం రోజుల వెతుకులాట తప్పిస్తుంది.

రిజిస్టరు తెలుగులో రాసినా నష్టం లేదు. తేదీ, సంతకం, కొలత ఉంటే అది మంచి ఆధారమే. ఇంగ్లిష్‌లో తిరగరాయించి పాతది పారేయడం మాత్రం వద్దు. మొదట రాసిన కాగితానికి ఉన్న విలువ నకలుకు ఉండదు.

కొలతల్లో ఎక్కువగా దొర్లే తప్పులు ఏవి?

కరెంటుతో చూద్దాం. ఒక ఫ్రీజింగ్ ప్లాంటు ఏడాదికి 18,60,000 యూనిట్లు వాడిందనుకుందాం. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. కాబట్టి మొత్తం 66,96,000 మెగాజౌళ్లు, అంటే 6,696 గిగాజౌళ్లు. గిగాజౌళ్లు అడిగిన గడిలో యూనిట్లు అలాగే కొట్టేస్తే మీ ప్లాంటు అసలు వాడకం కంటే 277 రెట్లకు పైగా వాడినట్టు దేశమంతా చదువుతుంది. కంప్యూటరు అనుమానపడదు, చదివినదాన్నే పోల్చి చూపిస్తుంది.

అదే కరెంటు నుంచి స్కోప్ 2 ఉద్గారాలు (మనం కొన్న కరెంటు వల్ల వచ్చేవి) లెక్కేయడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా గ్రిడ్ సగటు ఇస్తుంది. 2023-24కి అది మెగావాట్ అవర్‌కు 0.727 టన్నులు. పై ప్లాంటుకు ఆ సగటుతో 1,352 టన్నులు వస్తుంది. ఏ ఏడాది సగటు వాడారో పక్కన రాసిపెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది తేడా వాడకంలో వచ్చిందా, సగటులో వచ్చిందా తేల్చలేరు.

రెండో తప్పు టర్నోవరుది. వార్షిక నివేదికలో కోట్లలో రాస్తాం. ఇక్కడ ఇంటెన్సిటీ లెక్క రూపాయి టర్నోవరుకు అడుగుతారు. 180 కోట్ల టర్నోవరుకు 6,696 గిగాజౌళ్లంటే రూపాయికి 0.00000372. ఎక్సెల్ గడి రెండు దశాంశాలకు సర్దేసి ఉంటే అక్కడ ఉత్త సున్నా కనిపిస్తుంది, దాన్ని చూసి సున్నా అని నింపేవాళ్లు ఉన్నారు. గడి ఫార్మాట్ పెంచుకుని పని చేయండి. కొనుగోలు శక్తికి సర్దిన ఇంటెన్సిటీ కూడా అడుగుతారు. టర్నోవరును ఆ ఏడాది ఐఎంఎఫ్ ఇచ్చిన కొనుగోలు శక్తి సంఖ్యతో భాగించి లెక్కేయాలి. ఇలాంటి లెక్కలన్నీ ఒకే తీరున ఉండడానికి అసోచామ్, సీఐఐ, ఫిక్కీ అనే పరిశ్రమల సంఘాలు కలిసి తయారుచేసిన ప్రమాణాల పత్రాన్ని 2024 డిసెంబరులో సెబీ అమల్లోకి తెచ్చింది. ఇంకేం చదివినా చదవకపోయినా అది చదవాలి.

కరెంటు బిల్లు తేదీలు ఆర్థిక సంవత్సరంతో కలవవు. ఏం చేయాలి?

కరెంటు పంపిణీ సంస్థల్లో నెల్లూరు జిల్లా ఎస్‌పీడీసీఎల్ కింద ఉంది, ఒంగోలు సీపీడీసీఎల్ కింద. రెండు చోట్లా యూనిట్లున్నవాళ్లకు రెండు రకాల బిల్లులు, రెండు రీడింగు తేదీలు వస్తాయి. మార్చి 31 సాయంత్రం మీ మీటరు రీడింగు మీరే ఫొటో తీసి పెట్టుకోండి. ఏప్రిల్ 1న ఇంకో ఫొటో అక్కర్లేదు, ఇది చాలు. ఇప్పటిదాకా అలా తీయకపోతే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పడే బిల్లును రోజుల లెక్కన పంచి, అలా పంచామని రాసిపెట్టండి. ఏటా ఒకే పద్ధతి పాటించాలి. ఒక ఏడు పంచి, ఇంకో ఏడు బిల్లు తేదీ ప్రకారం పోతే పోలిక చెడిపోతుంది.

పొగాకు వాళ్లకు ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో సీజను మార్చి 31కి అటూ ఇటూ నడుస్తుంది. ఒకే పంటలో కొంత ఈ ఏడాది కొనుగోలు, మిగతాది వచ్చే ఏడాదిది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కాల్చిన కట్టెల లెక్క రైతు దగ్గర పంట వారీగా ఉంటుంది. పంట లెక్కను ఆర్థిక సంవత్సరంలోకి ఎలా మార్చారో ఒక పేజీలో రాసుకుని, దాన్నే ఏటా పాటించండి.

లెక్క లేని చోట సున్నా వేయొచ్చా?

వేయకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. సున్నా అంటే 'కొలిచాం, ఏమీ లేదు' అని. ఖాళీ, లేదా వర్తించదు అన్నది వేరే మాట.

బోరు నీటి దగ్గర ఇది ఎక్కువగా జరుగుతుంది. మీటరు ఉండదు. భూగర్భ జలం గడిలో సున్నా వేసి, మున్సిపాలిటీ నీళ్లు, ట్యాంకరు నీళ్లు మాత్రం చూపిస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు ఎండుతున్న జిల్లాలో ఒక ఫ్యాక్టరీ భూగర్భ జలం సున్నా అని ప్రకటించడం చిన్న విషయం కాదు. మీటరు లేకపోతే పంపు గంటకు ఎన్ని కిలోలీటర్లు తోడుతుందో ఒకసారి డ్రమ్ము పెట్టి కొలవండి, రోజుకు ఎన్ని గంటలు నడిచిందో లాగ్ బుక్ రాయండి, రెండూ గుణించండి. అది అంచనా అని వివరణ గడిలో చెప్పండి. అంచనా అని చెప్పి ఇచ్చిన అంకెకు గౌరవం ఉంది.

నీటి వనరుల గడులు విడివిడిగా ఉంటాయి. నది, చెరువుల నీరు ఒకటి, భూగర్భ జలం ఒకటి, బయట కొన్నది ఒకటి, సముద్రపు నీరు ఒకటి. హేచరీలు, తీరం దగ్గరి చెరువులు తోడే ఉప్పునీటిని భూగర్భ జలంలో కలపకండి.

పీలింగ్ షెడ్‌లో ఆడవాళ్లంతా కాంట్రాక్టరు మనుషులు. వాళ్లను మా లెక్కలో చూపాలా?

చూపాలి. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఉద్యోగులు వేరు, కార్మికులు వేరు, రెండింటిలోనూ పర్మనెంటు, పర్మనెంటు కానివాళ్లు అని వేరు. ప్రతిదాంట్లో స్త్రీలు, పురుషులు, ఇతరులు. కాంట్రాక్టరు ద్వారా వచ్చి మీ షెడ్‌లో రొయ్యలు ఒలిచే మనిషి 'పర్మనెంటు కాని కార్మికులు' గడిలోకి వస్తుంది. ఈ సంఖ్య ఏడాది చివరి రోజుది. మార్చి 31 నాటికి సరుకు తక్కువై షెడ్ సగం ఖాళీగా ఉంటే ఆ సగమే రాయాలి. కానీ సీజనులో ఎంతమంది ఉంటారో వివరణలో చెప్పడం నిజాయితీ.

అసలు చిక్కు భద్రత లెక్కలో ఉంది. పది లక్షల పని గంటలకు ఎన్ని గాయాల వల్ల పని ఆగింది అన్నది ఇక్కడి కొలత. 600 మంది, రోజుకు 8 గంటలు, 300 రోజులు పనిచేస్తే 14,40,000 గంటలు. పని ఆపాల్సి వచ్చిన గాయాలు మూడయితే రేటు 2.08. ఇందులో 400 మంది కాంట్రాక్టు ఆడవాళ్ల గంటలు వదిలేసి గాయాలు మాత్రం అన్నీ లెక్కేస్తే రేటు 6.25కి పోతుంది. గంటలూ గాయాలూ రెండూ వదిలేస్తే రేటు అందంగా కనిపిస్తుంది, షెడ్‌లో వేలు తెగి పది రోజులు పనికి రాలేకపోయిన మనిషి లెక్కలోంచి మాయమవుతుంది. ఆవిడకు కూలీ కూడా పోయి ఉంటుంది. దాఖలు చేసిన ఫైల్లో ఆ గాయం లేదంటే, చేతికి గ్లవ్స్ కావాలని వచ్చే ఏడాది అడగడానికి ఆధారమూ లేనట్టే.

అందుకని కాంట్రాక్టరుతో ఒప్పందంలోనే రాయించండి. రోజువారీ మస్టరు, గంటలు, ఫస్ట్ ఎయిడ్ పుస్తకం నకలు నెలనెలా ఇవ్వాలని. గాయాల పుస్తకం షెడ్ సూపర్‌వైజరు బీరువాలో తాళం వేసి పెట్టేది కాదు, చెయ్యి తెగిన మనిషి కళ్ల ముందు రాసేది.

స్త్రీలకు చెల్లించిన వేతనం మొత్తం వేతనాల్లో ఎంత శాతం అని ఇంకో గడి ఉంది. మన రొయ్యల ప్లాంట్లలో చేతులు ఎక్కువ ఆడవాళ్లవే. ఆ గడిలో వచ్చే శాతం తలల లెక్క కంటే బాగా తక్కువ వస్తే యాజమాన్యం దాన్ని ఒకసారి నిలబడి చూడాలి.

చిన్న ఊళ్లలో ఉపాధి అన్న గడికి నెల్లూరు ఏ కోవలోకి వస్తుంది?

రిజర్వు బ్యాంకు వర్గీకరణ వాడాలి. జనాభా 10 వేల లోపు ఉంటే గ్రామీణం, 10 వేల నుంచి లక్ష లోపు సెమీ అర్బన్, లక్ష నుంచి 10 లక్షల లోపు అర్బన్, ఆపైన మెట్రో. 2011 జనాభా లెక్కల ప్రకారం నెల్లూరు, ఒంగోలు అర్బన్. కావలి, కందుకూరు, మార్కాపురం సెమీ అర్బన్. మనిషి సొంతూరు ఏదన్నది లెక్క కాదు, పనిచేసే చోటు లెక్క. ఆ వేతనాలు మొత్తం వేతన ఖర్చులో శాతంగా చూపాలి. మన వైపు కంపెనీలకు ఇది మంచి అంకె ఇచ్చే గడి, హెడ్డాఫీసు చిరునామా చూసి అందరినీ మెట్రోలో వేసి పోగొట్టుకోకండి.

గ్రానైట్ స్లర్రీ, రాతి ముక్కలు ఏ గడిలో?

ప్లాస్టిక్, ఈ-వేస్ట్, బయోమెడికల్, భవన నిర్మాణ వ్యర్థాలు, బ్యాటరీలు, రేడియోధార్మికం, ఇతర ప్రమాదకరం, ఇతర ప్రమాదరహితం అని వరసలు ఉంటాయి. పాలిషింగ్ స్లర్రీ, పనికిరాని బ్లాకులు మామూలుగా 'ఇతర ప్రమాదరహితం'లోకి పోతాయి. దాన్ని నిర్మాణ వ్యర్థాల్లో వేయకండి. జనరేటరు నుంచి తీసిన పాత ఆయిలు మాత్రం ప్రమాదకరంలోకి వస్తుంది. టన్నులు ఊహించి రాయొద్దు, బయటికి పోయే ట్రాక్టర్లకు వారంలో ఒకరోజు కాటా వేయించి, ట్రిప్పులతో గుణించినా నమ్మదగ్గ లెక్క వస్తుంది.

కోల్డ్ స్టోరేజీ గ్యాసు లీకయితే కర్బన లెక్కలో రాయాలా?

ఏ గ్యాసో చూడాలి. అమ్మోనియా ప్లాంటయితే లీకు గ్లోబల్ వార్మింగ్ లెక్కలోకి రాదు. కానీ అది మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి భద్రత వైపు రాయాలి. ఆర్-404ఏ లాంటివయితే ఒక్క కిలో లీకు సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదిలో ఎన్ని కిలోలు మళ్లీ నింపించారో ఏసీ మెకానిక్ బిల్లుల్లో ఉంటుంది. ఆ బిల్లులు 'రిపేర్లు' ఖాతాలో పడి కనిపించకుండా పోతుంటాయి, వెతికి తీయండి.

వ్యాలిడేషన్ పాసయింది. ఇక అంతా సరే కదా?

వ్యాలిడేషన్ చూసేది గడులు నిండాయా, తేదీలు సరిగ్గా ఉన్నాయా, అంకెల చోట అంకెలే ఉన్నాయా, కూడికలు కలిశాయా అని. మీ డీజిల్ నిజంగా ఎంతో దానికి తెలియదు. పాసయ్యాక ఇంకో మనిషి పీడీఎఫ్ ఒక పక్క, యుటిలిటీ ఒక పక్క పెట్టుకుని గడి గడీ చదవాలి. పీడీఎఫ్‌లో ఆఖరి నిమిషంలో డిజైనరు మార్చిన అంకె ఎక్స్‌బీఆర్‌ఎల్‌లోకి రాకపోవడం తరచూ జరిగేదే. రెండింటిలో రెండు అంకెలుంటే చదివేవాడు దేన్నీ నమ్మడు.

పోయినేడాది అంకె పక్కన పెట్టి చూడండి. 30 శాతానికి మించి ఎటు మారినా కారణం అడగండి. కారణం నిజమైనదే కావచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన తీరమంతా కరెంటు కోతలు చూసింది. జనరేటరు మీద నడిచిన ప్లాంటుకు ఆ ఏడు డీజిల్ పెరగడంలో వింత లేదు. ఆ సంగతి వివరణ గడిలో ఒక వాక్యంగా రాయండి. అంకెతోపాటు అది కూడా ట్యాగయి పోతుంది.

ఎష్యూరెన్స్ చేసేవాళ్లు ఏం అడుగుతారు? మా కన్సల్టెంటే సంతకం పెట్టొచ్చా?

బీఆర్‌ఎస్‌ఆర్ కోర్‌కు బయటివాళ్ల పరిశీలన 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలైంది. 2024-25లో 250, 2025-26లో 500, 2026-27లో 1,000 అని వరస. ఎష్యూరెన్స్ బదులు అసెస్‌మెంట్ ఎంచుకునే వీలు 2025 మార్చిలో ఇచ్చారు. లెక్కలు తయారుచేసిన కన్సల్టెంటే వాటిని పరిశీలించడం కుదరదు. పరిశీలించేవాళ్లు అంకె పట్టుకుని వెనక్కి నడుస్తారు. ఫైల్లోని 6,696 నుంచి యూనిట్లకు, యూనిట్ల నుంచి పన్నెండు బిల్లులకు, బిల్లుల నుంచి మీటరు దాకా. దారిలో ఎక్కడా తెగకూడదు. పైన చెప్పిన పుస్తకం ఉంటే ఈ నడక ఒక పూటలో అయిపోతుంది.

యూరప్‌కి రొయ్యలు పంపుతాం. అక్కడి నిబంధనల ప్రకారం కూడా ట్యాగ్ చేయాలా?

మీరు చేయనక్కర్లేదు. యూరప్ నివేదిక ప్రమాణాలు 2023లో వచ్చాయి. వాటికి తగిన ఎక్స్‌బీఆర్‌ఎల్ టాక్సానమీని ఎఫ్రాగ్ అనే సంస్థ 2024 ఆగస్టులో ప్రచురించింది. ట్యాగింగ్‌ను తప్పనిసరి చేసే నిబంధన వేరే రావాలి, అది వచ్చేదాకా అక్కడి కంపెనీలకూ ట్యాగింగ్ బలవంతం లేదు. 2025లో గడువులు కూడా వెనక్కి జరిపారు. అక్కడ ఇన్‌లైన్ పద్ధతి వాడతారు, అంటే మనిషి చదివే పేజీలోనే ట్యాగులు దాగి ఉంటాయి. చేపలు, రొయ్యల పెంపకానికిచ్చే బీఏపీ, ఏఎస్‌సీ లాంటి సర్టిఫికెట్ల కోసం మీరు ఇప్పటికే రాస్తున్న మేత, నీరు, కరెంటు రిజిస్టర్లే ఇక్కడా పనికొస్తాయి. రెండోసారి రాయొద్దు.

సీబీఏఎం అనే యూరప్ కార్బన్ సుంకం గురించి గ్రానైట్ వాళ్లు అడుగుతుంటారు. అది ఇనుము, ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీద. గ్రానైట్ బ్లాకుల మీద, రొయ్యల మీద లేదు.

ఏఐ టూల్ పెట్టి ట్యాగింగ్ చేయించొచ్చా?

ఏ వాక్యం ఏ గడికి చెందుతుందో సూచించడానికి బాగానే పనికొస్తుంది. తుది మాట మనిషిదే ఉండాలి. బిల్లు చూడని యంత్రం బిల్లుకు పూచీ పడలేదు.

బీకాం చదివాను, ఊరు కనిగిరి. ఈ పనిలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

ఎక్సెల్ గట్టిగా రావాలి. సెబీ నమూనాను, దాని వెనకున్న గైడెన్స్ నోటును ఒక్కో గడీ చదవాలి, రెండూ ఉచితమే. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో ఏ పెద్ద కంపెనీదైనా ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలు దించుకుని, దాని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని పోల్చండి. ఆరెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ట్యాగులు, కాలాలు, కొలతలు విడివిడిగా కనిపిస్తాయి. రెండు మూడు కంపెనీలవి అలా చదివితే ఎక్కడ తేడా ఉందో మీ కన్నే పట్టేస్తుంది.

ఆ తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లండి. జనరేటరు గది, మురికినీరు శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటు, కాటా, పీలింగ్ షెడ్ చూడండి. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు లేని సౌకర్యం మీకు ఇదే. బస్సెక్కితే ఒక పూటలో అక్కడుంటారు, అక్కడివాళ్లతో వాళ్ల మాటలో మాట్లాడగలరు, వాళ్ల చేతిరాత చదవగలరు.

దాఖలు చేశాక తప్పు కనపడింది. ఏం చేయాలి?

సరిచేసిన ఫైలు మళ్లీ దాఖలు చేయండి, ఏ అంకె ఎందుకు మారిందో ఎక్స్ఛేంజీకి రాతపూర్వకంగా చెప్పండి. పీడీఎఫ్‌లోనూ అదే తప్పుంటే దాన్నీ సరిచేయాలి, వెబ్‌సైట్లో పాతది ఉంచేసి మర్చిపోకూడదు. మరుసటి ఏడాది నివేదికలో పాత ఏడాది అంకె మళ్లీ చూపించాలి కాబట్టి అక్కడ సరైనదే వేసి, మార్చామని కింద రాయండి. మీరు సప్లయరై, మీ అంకె వేరే కంపెనీ లెక్కలో కలిసిపోయి ఉంటే వాళ్లకు ఆ రోజే మెయిల్ పెట్టండి. పాత షీటును చెరిపేయకుండా తేదీ వేసి పక్కన దాచండి, కొత్త షీటులో మారిన గడికి రంగు వేసి పంపండి.